మగ్దలేనమ్మ మొక్కు, సీజరు తిండి

ఆగిరిపల్లి పశువుల ఆస్పత్రిలో నేను పదకొండేళ్ళు కాంపౌండరుగా చేశాను. ఆ పదకొండేళ్ళలో ఈనలేని గేదెల కడుపుల్లోంచి దూడల్ని లాగాను, ఎద్దుల డెక్కలకి కట్లు కట్టాను, కోళ్ళకి సూదులు వేశాను. కుక్కకి చీటీ రాసింది మాత్రం ఒక్కసారే. ఆ ఒక్క చీటీతో ఒక పెద్దమనిషి ఆచారం, ఒక ఆడమనిషి మొక్కు, ఒక తాగుబోతు ప్రాణం ఒకేసారి పొయ్యి మీదకి వచ్చాయి. తప్పంతా నాదేనని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. నేను ఇప్పటికీ ఒప్పుకోను.

చీటీ నాదే గానీ కథ మాత్రం మగ్దలేనమ్మది. ఆమె పుట్టిల్లు చాట్రాయి. శౌరిని చేసుకుని ఆగిరిపల్లి వచ్చి, లక్ష్మీనరసింహారావు మాస్టారి మామిడితోటలో పాక వేసుకుని కాపురం పెట్టింది. శౌరి తోటకి కాపలా. ఆమెది కాయల పని. చెట్టు కింద నిలబడి తల పైకెత్తి చూసి, ఏ కొమ్మ కాయ కోతకి వచ్చిందో, దేనికి ఇంకో వారం ఆగాలో చెప్పేది. గంపల్లో గడ్డి పరిచి రసాలు సర్దేది. ఆమె సర్దిన గంపని బెజవాడలో విప్పితే ఒక్క కాయకి కూడా మచ్చ ఉండదని వ్యాపారులు చెప్పుకునేవారు. చదువు రాదు. అయినా ఏ పనైనా ఎలా చెయ్యాలో ఒకసారి చెబితే, చెప్పింది చెప్పినట్టే చేస్తుంది. తన తెలివి కలపదు. ఈ గుణం ఎంత అరుదైందో జనానికి మందులిచ్చి పంపే ఉద్యోగం చేసినవాడికి తెలుస్తుంది. పూటకి ఒక మాత్ర అని నేను చెబితే, తొందరగా తగ్గుతుందని నాలుగు మింగించి గేదెని నా దగ్గరికే తోలుకొచ్చేవాళ్ళ మధ్య బతికాను నేను.

మగ్దలేనమ్మకి ఉన్న బాధ ఒక్కటే, శౌరి తాగుడు. ఏడాదిలో తొమ్మిది నెలలు అతను బంగారంలాంటి మనిషి. తాటికల్లు దిగే మూడు నెలలు మాత్రం మనిషి కాదు. అలాగని కొట్టడు, తిట్టడు. నవ్వుకుంటూ వెళ్ళి కాలవగట్టున పడిపోతాడు. ఎనభై ఆరు ఎండాకాలంలో అలా పడి రెండు రోజులు తెలివి లేకుండా ఉంటే, నూజివీడులో పెద్ద డాక్టరు చూసి, ఇంకో ఎండాకాలం ఇలాగే తాగితే ఆ పైది చూడడని మగ్దలేనమ్మతో మొహం మీదే చెప్పాడు. ఆమె ఆ మాట కూడా విన్నది విన్నట్టే గుర్తుపెట్టుకుంది.

ఇక కుక్క సంగతి. ఆ డిసెంబరులో మాస్టారి బావమరిది ప్రభాకరరావు బెజవాడ నుంచి రెండు నెలల అల్సేషియన్ పిల్లని తెచ్చి, తోటకి కాపలాగా ఉంటుందని చెప్పి, దాన్ని ఎలా పెంచాలో ఒక్క ముక్క చెప్పకుండా బస్సెక్కాడు. పేరు మాత్రం పెట్టి వెళ్ళాడు, సీజరు అని. మాస్టారు హెడ్మాస్టరుగా రిటైరైన లెక్కల మనిషి. ఆయన భార్య సీతమ్మ గారి మడి ఎంత గట్టిదంటే, ఉల్లిపాయ కూడా ఆ గడప దాటి లోపలికి రాదు. అలాంటి బ్రాహ్మణ ఇంట్లో సీజరు రెండు పూటలా పెరుగన్నం తింటూ నెల రోజులు గడిపింది.

జనవరి మొదట్లో మాస్టారు దాన్ని మామిడికాయల గంపలో పెట్టుకుని, సైకిలు వెనక కట్టుకుని ఆస్పత్రికి తెచ్చారు. గంపలోంచి దించితే ముందు కాళ్ళు రెండూ బయటికి వంగి, దొడ్డికాళ్ళతో నిలబడింది. అరుగు మీద గేదెలతో కూర్చున్న రైతులు నవ్వారు.

"ఏం పెడుతున్నారండీ మాస్టారూ దీనికి?" అని అడిగాను.

"ఏముందయ్యా, మేం తినేదే. పెరుగన్నం. మాగాయ వేస్తే అది కూడా నాకుతుంది" అన్నారు ఆయన, ఆ మాగాయ సంగతి కాస్త గర్వంగా చెబుతూ.

"పెరిగే పిల్లండీ ఇది. పెరుగన్నం మీద ఇంత ఒళ్ళు లేవదు. మాంసం కావాలి, గుడ్డు కావాలి."

మాస్టారు చెవులు మూసుకున్నంత పని చేశారు. "మందు రాయవయ్యా. సీసాలో దొరికేదానికి జీవహింస ఎందుకు?" అన్నారు.

మా డాక్టరు గారు నూజివీడు నుంచి వారానికి రెండుసార్లు వచ్చేవారు. ఆ రోజు రాలేదు. నేను కాల్షియం పొడి ఇచ్చి, అన్నంలో రోజుకి ఒక్క చెంచా కలపమన్నాను. మాస్టారు అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! బెజవాడ వెళ్ళి, బలానికి అని ఎవరు ఏది చెబితే అది కొనుక్కొచ్చారు. పిల్లలు తాగే మాల్టు పొడి, బాలింతల ఐరన్ టానిక్కు, విటమిన్ చుక్కలు, చ్యవనప్రాశ. సీతమ్మ గారు ఒక చెంచా మంచిదైతే మూడు చెంచాలు ఇంకా మంచిదనుకుని కాల్షియం మూడింతలు చేశారు. కుక్కకి నాలుగు రోజులు విరేచనం కాలేదు. ఐదో రోజు అయ్యింది, సుద్దముక్కలా. మాస్టారు దాన్ని కాగితంలో పొట్లం కట్టి నాకు చూపించడానికి తెచ్చారు. ఆ ఉద్యోగంలో నేను చూడనిది లేదనుకున్నాను గానీ, హెడ్మాస్టరు చేతి పొట్లం విప్పడం అదే మొదటిసారి.

నాకు కోపం వచ్చింది. "ఏవండీ మాస్టారూ, ఈ పొడులూ సీసాలూ అన్నీ కూరలో ఉప్పులాంటివి. కూరే లేకపోతే ఉప్పు దేంట్లో వేస్తారండీ? పైగా ఉప్పు ఎక్కువైనా చేటే. ముందు తిండి ఉండాలి, తగ్గిన కాస్తా మందు పూడుస్తుంది" అని గట్టిగానే చెప్పాను.

ఆయన వినలేదు. మళ్ళీ జనవరి నెలాఖరున వచ్చారు. ఈసారి గంపలోంచి దించితే సీజరు నిలబడలేదు. పక్కకి ఒరిగి, వెనక కాలు ఈడ్చింది. మాస్టారు బెంచీ మీద కూర్చున్నారు.

"నేను పిలిస్తే లేచి రావాలని చూస్తోందయ్యా. రాలేకపోతోంది" అన్నారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "చీటీ రాయి. ఏం కావాలో అదే రాయి" అన్నారు.

అదృష్టం కొద్దీ ఆ రోజు డాక్టరు గారు ఉన్నారు. ఆయన చెబుతుంటే తెలుగులో నేను రాశాను. రోజుకి రెండు గుడ్లు, ఉడకబెట్టినవి. రోజుమార్చి రోజు పావుకిలో మేక తలకాయ మాంసం గానీ పేగులు గానీ మెత్తగా ఉడికించి, ఎముక ముక్క ఒక్కటి కూడా లేకుండా ఏరి పెట్టాలి, ఉడికిన ఎముక విరిగి పేగులో గుచ్చుకుంటుంది. ఆదివారం లివరు చిన్న ముక్క, బాగుందని ఎక్కువ పెట్టకూడదు. ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి దగ్గరికి రానివ్వకూడదు. అన్నం మూడో వంతు. కాల్షియం ఒక్క చెంచా, చేపనూనె నాలుగంటే నాలుగే చుక్కలు. పొద్దుటెండలో ఒక గంట. చ్యవనప్రాశ మాస్టారే తినాలి. ఈ చివరిది డాక్టరు గారు చెప్పలేదు, నేనే కలిపాను.

మరి ఎవరు వండాలి? సీతమ్మ గారి వంటింట్లో కాదు, వీధరుగు మీద కూడా కాదు. తోటకి వెళ్ళి మాస్టారు తల వంచుకుని సంగతి చెబితే మగ్దలేనమ్మ, "నాకిచ్చెయ్యండి మాస్టారూ. మా పొయ్యి మీద వండి పెడతాను" అంది. చీటీ మూడుసార్లు నా చేత చదివించుకుంది. నాలుగోసారి నేను మొదలుపెట్టేసరికి నాకంటే ముందు ఆమే అప్పజెప్పేసింది, చ్యవనప్రాశతో సహా.

అప్పటి నుంచి సీజరు పొద్దున, సాయంత్రం తోటలోకి భోజనానికి పోయేది. మొదట్లో గంపలో, తరవాత నడిచి. తిరిగొచ్చేసరికి సీతమ్మ గారు నూతి దగ్గర బిందెతో సిద్ధంగా ఉండేవారు. పసుపు నీళ్ళు తల మీద నుంచి పోస్తే గానీ గేటు లోపలికి రానిచ్చేవారు కాదు. అంత శుచిగా మాంసం తిన్న కుక్క జిల్లాలో ఇంకోటి లేదు. నెల తిరిగేసరికి దాని కాళ్ళు గట్టిపడ్డాయి. వంకర పూర్తిగా పోలేదు గానీ కాకుల్ని తరిమేది. మాస్టారు ఊళ్ళో కనబడ్డవాళ్ళందరికీ కుక్కల ఆహారం గురించి పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

అంతా చక్కబడిందనుకుంటుండగా విభూది బుధవారం వచ్చింది.

కథోలిక్కులకి ఆ రోజు నుంచి ఈస్టరు దాకా నలభై రోజులు తపస్సు కాలం. నుదుటి మీద విభూది సిలువతో గుడి నుంచి వచ్చి మగ్దలేనమ్మ ఒక మొక్కు మొక్కుకుంది. ఈ నలభై రోజులూ తన ఇంట్లో నీసు కుండ పొయ్యి ఎక్కదు, మాంసం గానీ చేప గానీ గుడ్డు గానీ. దానికి బదులు దేవుడు శౌరిని కల్లుకుండ దగ్గరికి పోనివ్వకూడదు. ఆ ఏడు మార్చి మొదటి వారంలో వచ్చింది విభూది బుధవారం. తాటిచెట్లకి కల్లుకుండలు వేలాడుతున్న రోజులవి. కూర వాసన తగిలిందంటే శౌరికి కల్లు గుర్తొస్తుందని ఆమెకి ఇరవై ఏళ్ళుగా తెలుసు. శౌరి కూడా ఎందుకో ఈసారి సరేనన్నాడు. కాలవగట్టున పడ్డ రెండు రోజుల సంగతి అతన్నీ భయపెట్టి ఉంటుంది.

ఈ సంగతేదీ ఆమె మాస్టారికి చెప్పలేదు. దాచి కాదు. చెప్పాల్సిన సంగతని ఆమెకి తోచలేదు. తాము నలభై రోజులూ తినే మునగాకు పప్పు, రాగిజావ, వేయించిన వేరుశనక్కాయలే సీజరుకి కూడా పెట్టింది. పొడి ఒక చెంచా, నూనె నాలుగు చుక్కలు మాత్రం తప్పలేదు. నూనె సీసాలోది, కుండలోది కాదు కాబట్టి మొక్కులోకి రాదని ఆమె తీర్పు.

పన్నెండో రోజున మాస్టారు నా దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "నీ చీటీ పనిచెయ్యడం మానేసిందయ్యా. మళ్ళీ కాళ్ళు వణుకుతున్నాయి" అన్నారు, తప్పు నాదైనట్టు. ఇద్దరం తోటకి వెళ్ళాం. సీజరు గిన్నెలో మొహం పెట్టి మునగాకు ముద్దలు పక్కకి తోసేస్తోంది.

"ఇదేంటి మగ్దలేనమ్మా?" అన్నారు మాస్టారు.

"తపస్సు కాలం కదండీ."

"కుక్కకి తపస్సేంటి?"

"కుక్కకి లేదండీ. మా పొయ్యికుంది."

అప్పుడు చెప్పింది మొక్కు సంగతంతా. మాస్టారు చిన్నబుచ్చుకున్నారు గానీ తగ్గలేదు. లెక్కల మనిషి కదా, నూజివీడు వెళ్ళి ఫాదర్ సువర్ణరాజు గారిని కలిసి తపస్సు కాలం నియమాలన్నీ తెలుసుకుని వచ్చారు. వచ్చి మగ్దలేనమ్మ ముందు నిలబడి పాఠం చెప్పినట్టు చెప్పారు. జంతువులకి ఈ నియమం వర్తించదు. చేప, గుడ్డు తినడానికి అడ్డు లేదు. పైగా విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందు రోజు దాకా లెక్కపెడితే నలభై ఆరు వస్తాయి, అందులో ఆరు ఆదివారాలు. ఆదివారాలు తీసేస్తేనే నలభై కాబట్టి ఆదివారం వండుకోవచ్చు.

ఆమె అంతా విని, "ఫాదరు గారు చెప్పింది గుడి చట్టమండీ. అది నిజమే. నేను మొక్కుకున్నది నా మొక్కు. అందులో చేపా ఉంది, గుడ్డూ ఉంది. ఆదివారాలు తియ్యమని నేను దేవుడికి చెప్పలేదు" అంది.

సరే, వేరే పొయ్యి చూద్దామన్నారు మాస్టారు. పక్క తోటలో బుచ్చయ్య భార్య బుజ్జమ్మ చెయ్యి మంచి వంట చెయ్యి. చీటీ ఆమెకి కూడా చదివి వినిపించాను. అన్నిటికీ ఊ కొట్టింది. మూడో రోజుకి సీజరు కడుపు జారిపోయి, నీళ్ళు తప్ప ఏదీ ఆగలేదు. వెళ్ళి కుండ మూత తీస్తే ఎర్రగా నూనె తేలుతూ అల్లం, వెల్లుల్లి, ధనియాల పొడి వేసిన తలకాయ కూర. వాసనకి నాకే నోరూరింది.

"ఇదేం పనమ్మా? ఉప్పూ కారం వద్దని చెప్పానా లేదా?" అని అరిచాను.

"చెప్పారండీ. కానీ చప్పిడి మాంసం ఎట్టా పెట్టమంటారండీ నోరులేని జీవానికి? పాపం కాదూ?" అంది బుజ్జమ్మ, నన్నే పాపాత్ముణ్ణి చూసినట్టు చూస్తూ.

నిజం చెబుతున్నాను, అప్పుడు నాకు మగ్దలేనమ్మ విలువ తెలిసింది.

ఇక లాభం లేదని, ఆ సాయంత్రం మాస్టారు ఆమెని గట్టిగా మందలించడానికే బయల్దేరారు. నన్ను తోడు తీసుకెళ్ళారు. తన పాక, తన తోట, తన కుక్క, పొయ్యి ఒక్కటి ఆమెదైతే ఏంటి అని దారంతా సాధన చేసుకుంటూ నడిచారు. వెళ్ళేసరికి పాక ముందు శౌరి నులకమంచం అల్లుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఒక్క పోగు లాగి ముడి వెయ్యడానికి మూడుసార్లు జారిపోతోంది. కంచె అవతల తాటిచెట్ల వరస ఉంది. గీతగాడు కుండలు దింపుతున్న వేళ. శౌరి కళ్ళు అటు తిరిగినప్పుడల్లా మగ్దలేనమ్మ గ్లాసుతో మజ్జిగ తెచ్చి అతనికీ ఆ చెట్లకీ మధ్య నిలబడుతోంది. అతను తాగి, మళ్ళీ నులక అందుకుంటున్నాడు.

శౌరి మాస్టారి దగ్గర మూడో తరగతి దాకా చదివినవాడు. ఆయన్ని చూడగానే లేచి నిలబడ్డాడు. "బాగున్నానండి మాస్టారూ" అన్నాడు, ఎవరూ అడక్కుండానే.

మగ్దలేనమ్మ మమ్మల్ని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "ఇవాళ పద్దెనిమిదో రోజండీ. పెళ్ళయ్యాక ఈ కాలంలో పద్దెనిమిది రోజులు తాగకుండా ఈయన్ని నేనెప్పుడూ చూళ్ళేదండీ" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆ మొహం నిండా సంతోషమే. మాస్టారు కండువా సర్దుకుని వెనక్కి తిరిగారు. సాధన చేసిన మందలింపు ఒక్క ముక్క కూడా బయటికి రాలేదు.

రోడ్డెక్కాక నెమ్మదిగా, "గుడ్డు ఎంతసేపు ఉడకాలయ్యా?" అని అడిగారు.

నేను నడక ఆపేశాను. ఆయన ఆగలేదు.

మర్నాటి నుంచి తోట చివర ఇంజను షెడ్డు పక్కన మూడు ఇటుకల పొయ్యి వెలిగింది. కొత్త సత్తు గిన్నె, ముక్కుకి తడి తువ్వాలు, చేతికి గడియారం, పొయ్యి ముందు లక్ష్మీనరసింహారావు మాస్టారు. మాంసం నేను తెచ్చి, కడిగి, గిన్నెలో పడేసి ఇచ్చేవాణ్ణి. పది బారల అవతల, గాలికి ఎదురు పక్కన, మగ్దలేనమ్మ ఇటు వీపు పెట్టి నిలబడి చెప్పేది. "మంట తగ్గించండి మాస్టారూ. పొంగుతున్న చప్పుడొస్తోంది." "నీళ్ళు ఇంకో గ్లాసు పొయ్యండి." వెనక్కి తిరక్కుండా చెవులతోనే వంట చేయించింది ఆ మనిషి. మొదటి రోజు ఆయన ఆ వాసనకి పొయ్యి వదిలి వేపచెట్టు దాకా పరుగెత్తారు. రెండో రోజు నుంచి ఎక్కాలు చదవడం మొదలుపెట్టారు. పంతొమ్మిదో ఎక్కం రెండుసార్లు అయ్యేసరికి తలకాయ మాంసం ఒక ఉడుకు వచ్చేది. మూడుసార్లకి లివరు అయిపోయేది.

ఎముకలు ఏరడం అన్నిటికంటే కష్టమైంది. మొదట రెండు వేపపుల్లలతో ఏరారు. చిన్న ముక్కలు దొరికేవి కాదు. "పుల్లలతో తెలీదు మాస్టారూ. వేళ్ళతో నలిపి చూడాలి, గుచ్చుకుంటే తెలుస్తుంది" అంది మగ్దలేనమ్మ అటునుంచి. ఆయన గిన్నె వంక చూశారు, సీజరు వంక చూశారు. అది కాళ్ళు వణుకుతున్నా కూర్చోకుండా నిలబడి ఉంది. అరవై మూడేళ్ళ నిష్ఠ గల చెయ్యి గిన్నెలోకి దిగింది. కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క ముక్కా నలిపి చూశారు. నేను నవ్వుదామని వచ్చినవాణ్ణి. నవ్వలేకపోయాను.

ఇంటి దగ్గర సీతమ్మ గారు దీనికి ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. ఇంకో బిందె తెప్పించారు, అంతే. రోజూ రెండు పూటలా నూతి దగ్గర ముందు సీజరు, తరవాత మాస్టారు. ఇద్దరికీ పసుపు నీళ్ళే. రోడ్డు మీద పోయేవాళ్ళు కావాలని నడక తగ్గించేవారు. నేను కూడా ఒకటి రెండుసార్లు ఏదో పని కల్పించుకుని వెళ్ళి చూశాను.

మూడు వారాలు అలా గడిచాయి. సీజరు కాళ్ళు మళ్ళీ దారికొచ్చాయి. ఈస్టరుకి ముందటి ఆదివారం, మట్టలాదివారం నాడు వచ్చింది అసలు గండం. ఆ రోజు గాలి ఉన్నట్టుండి తిరిగింది. ఇంజను షెడ్డు దగ్గరి పొగ, వాసన తిన్నగా పాక మీదకి పోయాయి. మగ్దలేనమ్మ గుడికి వెళ్ళి అప్పుడే ఆకుల సిలువ పట్టుకుని వస్తోంది. ఆమె కళ్ళముందే శౌరి పాకలోంచి బయటికి వచ్చి, గాలి పీల్చి, పొయ్యి వైపు నడిచాడు. పొయ్యి దాటితే కంచె. కంచె దాటితే తాళ్ళు. ఆమె అక్కడే నిలబడిపోయింది. పిలవలేదు. సిలువ పట్టుకున్న చెయ్యి గుండెల మీదకి పోయింది.

శౌరి వచ్చి గిన్నె దగ్గర వంగాడు. మాస్టారు గరిటె పట్టుకుని కదలకుండా ఉండిపోయారు. శౌరి మూత పక్కకి జరిపి, లోపలికి చూసి, మరోసారి వాసన చూసి, మొహం ముడిచాడు.

"మాస్టారూ, ఉప్పు మర్చిపోయారండీ."

"మర్చిపోలేదురా. కుక్కకి ఉప్పు వెయ్యకూడదు."

"కారం?"

"అదీ లేదు. అల్లం, వెల్లుల్లి కూడా లేవు."

శౌరి మూత జాగ్రత్తగా పెట్టేశాడు. "ఈ వాసనకి కల్లు గుర్తు రాదండీ మాస్టారూ. ఆస్పత్రి గుర్తొస్తోంది" అని, పాకలోకి తిరిగిపోయి పడుకున్నాడు.

మాస్టారు గరిటె కింద పెట్టి నవ్వారు. ఆయన అలా పొట్ట పట్టుకుని నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు. మగ్దలేనమ్మ నవ్వలేదు. చెట్టుకి ఆనుకుని నేల మీద కూర్చుని ఏడ్చింది.

తరవాతి ఆదివారం ఈస్టరు. మొక్కు తీరింది. పొద్దున్నే గుడి నుంచి వచ్చి మగ్దలేనమ్మ నలభై ఆరు రోజుల తరవాత పొయ్యి మీద మాంసం కుండ పెట్టింది. ఉప్పు, కారం, అల్లం, గసాలు, ఏదీ తక్కువ చెయ్యలేదు. నన్ను భోజనానికి పిలిచింది. శౌరి కొత్త చొక్కా తొడుక్కుని నా పక్కన కూర్చుని రెండుసార్లు కూర వేయించుకున్నాడు. మొహం తేటపడింది, చేతులు వణకడం లేదు. ముద్ద మింగి, ఒక్కసారి తల తిప్పి కంచె అవతలికి చూశాడు. అంతే, ఒక్క క్షణం. గొంతు ఒకసారి కదిలింది. వెంటనే తల దించి అన్నం కలుపుకున్నాడు. నేను చూశాను. వడ్డిస్తున్న మగ్దలేనమ్మ కూడా చూసింది.

సాయంత్రం మాస్టారు తోటకి వచ్చారు. వెనకే సీజరు, నాలుగు కాళ్ళూ నిటారుగా, తోక ఎత్తుకుని. ఆయన చేతిలో సత్తు గిన్నె చింతపండుతో తోమి తళతళలాడుతోంది. కుక్కకి వంట చేసే పని తప్పిందన్న సంబరం మొహంలో దాగడం లేదు.

"ఇదిగో మగ్దలేనమ్మా, నీ పని నీకు అప్పజెప్పేస్తున్నాను. రేపటి నుంచి నువ్వే వండు. నేను ఇవాళ ఒక్కసారే స్నానం చేశాను తెలుసా?" అన్నారు.

మగ్దలేనమ్మ గిన్నె అందుకోలేదు. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"తప్పుగా అనుకోకండి మాస్టారూ. మధ్యాహ్నం మళ్ళీ మొక్కుకున్నానండి. పెంతెకోస్తు పండగ దాకా."

"ఎప్పుడొస్తుంది అది?"

"ఇంకో యాభై రోజులండీ. అప్పటికి కల్లు దిగడం అయిపోతుందండీ. ఈ ఒక్క ఏడూ దాటిస్తే చాలు, మనిషి దక్కుతాడండీ నాకు."

మాస్టారు గిన్నె వంక చూశారు. యాభై రోజులంటే వంద స్నానాలని ఆయన లెక్క కట్టుకోవడం ఆయన మొహంలోనే కనిపించింది. ఈ మాటలు విని శౌరి పాక గుమ్మంలోకి వచ్చి, తల వంచుకుని నిలబడ్డాడు.

"నా కోసం మీకీ అవస్థ ఎందుకండీ మాస్టారూ?" అన్నాడు.

"నీ కోసం ఎవడు వండుతున్నాడురా? కుక్క కోసం" అని మాస్టారు గట్టిగా కసిరి, గిన్నె చంకలో పెట్టుకుని ఇంజను షెడ్డు వైపు నడిచారు. నాలుగు అడుగులు వేసి, నా వైపు తిరిగి, రేపు తలకాయ ఏ వేళకి దొరుకుతుందని అడిగారు.